మా కాలనీ జిమ్‌లో కార్డియో యంత్రాలు: ఆరు నెలలు వాడిన తరువాత

ఈ ఏడాది అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలని మొక్కుకున్నాను. ఆ 3,550 మెట్లకు ఒంటిని సిద్ధం చేసుకుందామనే ఉద్దేశంతోనే మా కాలనీలో బేకరీ పైఅంతస్తున ఉన్న జిమ్‌లో చేరాను. నా వయసు 52 ఏళ్లు, బరువు 72 కిలోలు. ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు మాత్రం నొప్పి పెడుతుంది. బరువులెత్తే విభాగం జోలికి నేను పోలేదు కాబట్టి దాని గురించి ఏమీ రాయను. కిటికీల వెంబడి వరుసగా ఉన్న నాలుగు ట్రెడ్‌మిల్లులు, రెండు క్రాస్ ట్రెయినర్లు (నిలబడి అంగలు వేస్తున్నట్టు పెడళ్లు తొక్కేవి), మూడు సైకిళ్లు, ఒక రోయింగ్ మెషీన్ (పడవ తెడ్డు వేసినట్టు లాగేది), ఒక ఎయిర్ బైక్‌లలో (చక్రం బదులు ఫ్యాన్ తిరిగే సైకిల్) ఏది ఎవరికి పనికివస్తుందన్నదే ఈ సమీక్ష.

చేరిన కొత్తలో నేను చేసిన పొరపాటు, తెర మీద కనిపించే కేలరీల అంకెను చూసి యంత్రాన్ని ఎంచుకోవడం. ట్రెడ్‌మిల్ మీద అరగంట నడిస్తే 130 చూపించింది, క్రాస్ ట్రెయినర్ అంతే సమయానికి 400 దాటించింది. రెండు నెలలపాటు ఆ అంకె మీది మోజుతో క్రాస్ ట్రెయినర్‌ను వదలలేదు. ఒకనాడు అది ఖాళీగా లేక పక్కనున్న రెండో దాని మీద అదే ఊపుతో అరగంట తొక్కితే 310 వచ్చింది. అప్పుడు గాని నాకు అనుమానం రాలేదు. బరువెంతో, వయసెంతో అడగకుండానే మొదలయ్యే యంత్రం ఎవరి కేలరీలను లెక్కపెడుతున్నట్టు? చాలా యంత్రాలలో వివరాలు నమోదు చేసే వీలుంటుంది, కానీ తొందరలో అందరమూ నేరుగా స్టార్ట్ నొక్కేస్తాము. నమోదు చేసినా వచ్చేది అంచనాయే.

క్రాస్ ట్రెయినర్‌ను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. పాదం పెడల్ మీద నుంచి లేవదు కాబట్టి పరుగులో మాదిరి ప్రతి అడుగుకూ మోకాలి మీద దెబ్బ పడదు. బాగా బరువున్నవారికి, కీళ్ల నొప్పులున్నవారికి అది మేలు. అయితే రెసిస్టెన్స్‌ను, అంటే పెడల్ బిగువును, రెండు మీదో మూడు మీదో ఉంచి తొక్కితే చక్రం తన ఊపు మీద తానే తిరుగుతుంది, మనం దాని మీద నిలబడి ప్రయాణం చేస్తాము. పైగా అడుగు నిడివి మార్చుకునే వీలు మా జిమ్‌లోని వాటికి లేదు. అయిదడుగులు కూడా లేని మా ఆవిడకు ఆ అంగలు మరీ పెద్దవై తుంటి దగ్గర పట్టేసింది.

ఇక నా మొక్కుకు అక్కరకొచ్చిన యంత్రం, అందరూ మామూలుగా చూసే ట్రెడ్‌మిల్లే. దాని గొప్పతనం వేగం మీటలో లేదు, బెల్టు ముందువైపును పైకి లేపే ఇన్‌క్లైన్ మీటలో ఉంది. వ్యాయామ శాస్త్రంలో వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం చదునుగా గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, ఊరకే కూర్చున్నప్పటికంటే సుమారు మూడున్నర రెట్లు ఆక్సిజన్ ఖర్చవుతుంది. వేగం పెంచకుండా ఎత్తును మాత్రం 10 శాతానికి (వంద అడుగులు ముందుకెళ్తే పది అడుగులు పైకి) పెంచితే అది ఏడున్నర రెట్లు దాటుతుంది, 12 శాతం వద్ద ఎనిమిదిన్నర రెట్లవుతుంది. చదునుగా గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే అయ్యే ఖర్చు కూడా దాదాపు అంతే. గుండె వైద్యులు ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే టీఎంటీ పరీక్షలో పాటించే బ్రూస్ పద్ధతి కూడా గంటకు 2.7 కిలోమీటర్ల నిదానమైన నడకతో, కానీ 10 శాతం ఎత్తుతో మొదలవుతుంది. మూడేసి నిమిషాలకొకసారి వేగాన్నీ ఎత్తునూ పెంచుతారు. నాబోటి వారికి ఇంకొక లాభం కూడా ఉంది. కొండ ఎక్కితే దిగాలి, మోకాలికి కష్టం దిగుడులోనే. ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు ఎక్కినా దిగే పని ఉండదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఎత్తు 12, వేగం 3, సమయం 30 నిమిషాలు అనే పద్ధతి వీడియోల ద్వారా మన కుర్రవాళ్లలో బాగా పాకింది. అందులో వేగం 3 అన్నది గంటకు మైళ్ల లెక్క; మన యంత్రాలలో ఉన్నది కిలోమీటర్ల లెక్క కాబట్టి 4.8 పెట్టుకోవాలి. మా జిమ్‌లో కనీసం నలుగురు 3 పెట్టి, ఇది చాలా తేలికగా ఉందే అనుకుంటున్నారు. రెండవది, ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకొని వెనక్కి వాలి నడవడం. అలా వాలితే ఒళ్లు బెల్టుకు నిటారుగా అయిపోయి, ఎక్కిన ఎత్తు చాలావరకు వృథా అవుతుంది. పట్టు లేకుండా నడవలేకపోతే ఎత్తు తగ్గించుకోవడమే సరైనది.

రోయింగ్ మెషీన్ దగ్గర ఎప్పుడూ వరుస ఉండదు, దాని గురించి సరిగ్గా చెప్పేవారూ లేరు. పక్కన 1 నుంచి 10 వరకు అంకెలున్న మీటను అందరూ బరువు అనుకొని 10కి తోసేస్తారు. నిజానికి అది మనం లాగినప్పుడు తిరిగే ఫ్యాన్‌లోకి ఎంత గాలి పోవాలో నిర్ణయించే తలుపు, సైకిల్ గేరులాంటిది. కష్టమెంతన్నది మనం లాగే బలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మూడు నుంచి అయిదు మధ్య పెట్టుకుంటే చాలు. ముందు కాళ్లతో తన్నాలి, తరువాత నడుము వెనక్కి వాల్చాలి, చివరనే చేతులు లాగాలి. నేను మొదటి వారం చేతులతోనే లాగి నడుము నొప్పి తెచ్చుకున్నాను. వరుస తెలిశాక మాత్రం ఇరవై నిమిషాలలో కాళ్లు, వీపు, చేతులు అన్నీ పనిచేసిన తృప్తి మరే యంత్రమూ ఇవ్వలేదు. కరెంటు పోయినా ఆగదు. మా జిమ్‌లో వేసవిలో ఇది చిన్న విషయం కాదు.

సైకిళ్ల గురించి చెప్పవలసింది తక్కువ. పెడల్ కింది చివరన ఉన్నప్పుడు మడమ ఆనించి చూస్తే కాలు నిటారుగా రావాలి, సీటు ఎత్తుకు అదే కొలత. వీపు ఆనించి తొక్కే రికంబెంట్ సైకిల్ పెద్దవాళ్లకు హాయి. స్పిన్ బైక్ చక్రానికి మామూలు సైకిల్‌లా ఖాళీగా తిరిగే వెసులుబాటు లేదు, వేగంలో కాలు ఆపబోతే పెడలే కాలిని లాక్కుపోతుంది. ఎయిర్ బైక్ మీద ఎంత గట్టిగా తొక్కితే గాలి అంతకంతకూ అడ్డుపడుతుంది కాబట్టి, నాకు నిమిషం మించి చేత కాలేదు.

కష్టం సరిపోయిందా లేదా అన్నది తెలుసుకోవడానికి పిడులలోని నాడి కొలతను నేను నమ్మడం మానేశాను, చెమట చేతులకు అది ఒకసారి 90, మరుసటి క్షణం 160 చూపించింది. పక్కవారితో వాక్యం పూర్తిగా మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే మధ్యస్థ శ్రమ అని లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు సూచించేది ఆ మేరకు శ్రమనే. నేను వారానికి నాలుగు రోజులు ఇన్‌క్లైన్ నడక, ఒక రోజు రోయింగ్ చేస్తున్నాను.

జిమ్ సంగతికి వస్తే, ఉదయం ఆరింటికి ముందు ప్రశాంతంగా ఉంటుంది. సాయంత్రం ట్రెడ్‌మిల్‌కు ఇరవై నిమిషాల పరిమితి గోడ మీద రాసి ఉన్నా అమలు చేసేవారు లేరు. మూడవ ట్రెడ్‌మిల్ బెల్టు ఎత్తు మీద నడిచేటప్పుడు జారుతోంది. రెండుసార్లు చెప్పాను, పడబోతే యంత్రం ఆగేలా చొక్కాకు తగిలించుకునే ఎర్ర తాడు కూడా దానికి లేదు. ఏడాది రుసుము ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు గాని, ఆ బెల్టు మార్చేవరకు మూడేసి నెలలకే కట్టదలచుకున్నాను.