కడియపులంక నర్సరీలో చేమ జాతి మొక్కలు: మొక్క నమ్మచ్చు, ట్యాగ్ నమ్మకండి

ముందే చెప్పేస్తాను. ఈ నర్సరీలో చేమ కుటుంబం మొక్కలు, అంటే అలోకేషియా, ఫిలోడెండ్రాన్, ఆంథూరియం, మనీ ప్లాంట్ లాంటివి, చాలా బాగుంటాయి. వేళ్ళు కవరు నిండా ఉంటాయి, ఆకు కింద పిండినల్లి కనపడదు. హైవే మీదకి పెద్ద గేటు పెట్టుకున్న వాళ్ళతో పోలిస్తే రేటు కూడా నయమే. కాకపోతే కుండీలో గుచ్చిన ట్యాగ్ చూసి డబ్బులిచ్చారంటే ఒక మొక్క అనుకుని ఇంకో మొక్క ఇంటికి తెచ్చుకుంటారు.

మాది మండపేట. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ కుండీ మొక్కలు అద్దెకిస్తాను. స్టేజి కింద వరసగా పేర్చడానికి, గుమ్మానికి అటూ ఇటూ నిలబెట్టడానికి, ఏసీ హాల్లో రెండ్రోజులు ఎండ మొహం చూడకపోయినా వాడిపోని మొక్కలు కావాలి నాకు. అవి ఎక్కువగా దొరికేది ఈ కుటుంబంలోనే. ఫోన్ చేసి "నలభై సెల్లమ్ పంపండి అన్నయ్యగారూ" అంటే చీలికల ఆకుల సెల్లమ్ మొక్కలే నలభై దిగాలి. సాయంత్రం ముహూర్తం పెట్టుకుని, మధ్యాహ్నం ఆటోలోంచి వేరే మొక్కలు దిగితే ఎవరిని తిట్టుకోవాలి? మొక్కల పేర్ల మీద నాకింత పట్టింపు అందుకే.

ఈ కుటుంబాన్ని పువ్వుతో పోల్చుకోవడం తేలిక. మధ్యలో నిటారుగా ఒక కంకి, దాన్ని చుట్టుకుని ఒకే ఒక్క రేకులాంటి ఆకు. ఆంథూరియంలో ఎర్రగా మెరిసేదీ, పీస్ లిల్లీలో తెల్లగా నిలబడేదీ ఆ ఆకే. అసలు పువ్వులు కంకి మీద కంటికి ఆనీ ఆననంత చిన్నవి. పీస్ లిల్లీ, కాలా లిల్లీ రెండూ లిల్లీలు కావు, ఈ కుటుంబంవే. మన పెరటి చేమ, కంద, కాలవల్లో తేలే అంతర తామర కూడా ఇందులోవే. పసిపిల్లలకి అరగదీసి పెట్టే వసని కూడా ఒకప్పుడు ఇందులోనే కలిపేవారు, తర్వాత విడదీసి వేరే కుటుంబం చేశారు. ఈ కుటుంబానికి శాస్త్రం పేరు తెచ్చిన అసలు ఆరమ్ మొక్కలు యూరప్, మధ్యధరా ప్రాంతాలవి. మనకి ఆరమ్ లిల్లీ అని అమ్మేది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన జాంటెడెస్కియా. ఊటీ చలికి అది హాయిగా పెరుగుతుంది. ఇక్కడ దాని దుంపలు రంగురంగుల ఫొటో అంటించిన ప్యాకెట్లలో అమ్ముతున్నారు. మన రోహిణి కార్తె ఎండలకి ఆ ఫొటో మాత్రమే మిగులుతుంది, కొనకండి.

నర్సరీలో చాలా మొక్కలకి పువ్వు ఉండదు కాబట్టి ఆకుతోనే తేల్చుకోవాలి. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మొన్న వెళ్ళినప్పుడు షేడ్ నెట్ కింద నల్లటి ఆకుల కుండీల వరస ఒకటి చూశాను. "అలోకేషియా బ్లాక్, 350" అని ట్యాగ్. ఆకు వెనక్కి తిప్పాను. కాడ వచ్చి ఆకు గంట్లో, అంటే ఆకు మొదట్లో రెండు చెవుల్లా విడిపోయే సందులో, కలవలేదు. గంటుకి ఓ రెండు వేళ్ళు లోపలికి, ఆకు నడుం వైపు అతుక్కుని ఉంది. ఆకు కొస నేలకి వేలాడుతోంది. పక్కనున్న బక్కెట్లోంచి నాలుగు చుక్కలు చల్లితే ఆకు తడవకుండా జారిపోయాయి. చేమ. రంగు వేరు, అంతే. అలోకేషియాల్లో చాలావాటికి మొక్క ముదిరాక కాడ సరిగ్గా గంట్లోకే వచ్చి కలుస్తుంది, ఆకు కొస పైకో పక్కకో చూస్తుంది. అయితే లేత మొక్కల దగ్గర ఈ గుర్తు పనికిరాదు. ముదురాకుపచ్చ మీద తెల్ల ఈనెలుండే పాలీ అన్న అలోకేషియా దగ్గర కూడా పనికిరాదు, దానికీ కాడ లోపలికే అతుక్కుంటుంది. అక్కడ ఆకు మందం చూడాలి. పాలీ ఆకు బిరుసుగా, మెరుస్తూ ఉంటుంది, చేమాకు మెత్తగా వేళ్ళ మధ్య నలుగుతుంది. అన్నట్టు ఆ పాలీకున్న అమెజోనికా అన్న పేరు చూసి అమెజాన్ అడవి మొక్క అని చెప్పేవాళ్ళున్నారు. అలోకేషియాలు ఆసియా, ఆస్ట్రేలియా వైపు మొక్కలు. ఆ సంకర రకానికి పేరొచ్చింది అమెరికాలో మయామీలో ఉన్న ఒక నర్సరీ పేరు మీద.

ఇదే మాట ఓనరుగారితో అన్నాను. ఆయన ఆకు చూసి, "చేమేనండి, రంగు చేమ. కలకత్తా లోడులో అలా రాసుంటే అలాగే పెట్టేశాం" అని ఒప్పేసుకున్నారు. పక్కనున్న గుమాస్తా మాత్రం ఒప్పుకోడు. ఇంపోర్టెడ్ అంటాడు, ఫోన్‌లో ఫొటోలు తీసి చూపిస్తాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! ఓనరుగారు నవ్వి 150 చేసి ఇచ్చారు. ఆయన పద్ధతి నాకు నచ్చింది. కానీ నేను ఆకు తిప్పకుండా ఉంటే 350 పుచ్చుకునేవారు కదా.

రెండొందలతో పోయేదైతే ఇంత రాయను. చేమ కాలవ గట్టున తడిలో ఉన్నా పెరుగుతుంది, నీళ్ళ తొట్టిలో కుండీ పెట్టినా ఊరుకుంటుంది. అలోకేషియాని అలా ఉంచితే దుంప కుళ్ళిపోతుంది. ట్యాగ్ నమ్మి, చేమకి నీళ్ళు తగ్గించి ఎండబెట్టిన వాళ్ళూ ఉన్నారు, అలోకేషియాకి పోసి పోసి కుళ్ళబెట్టిన వాళ్ళూ ఉన్నారు.

ఇక మాన్‌స్టెరా సంగతి. లోపల కొబ్బరి పీచు కర్రకి కట్టిన పెద్దాకుల మొక్కలు, "జెయింట్ మాన్‌స్టెరా, 1200" అని. ఆకు మూరెడు, అంచుల్లో చీలికలు. చూడగానే ఎవరైనా మాన్‌స్టెరా అనే అనుకుంటారు. కానీ ఆకు మీద పసుపు చారలున్నాయి, చీలికలు ఒక క్రమం లేకుండా చిరిగినట్టున్నాయి. అది మనీ ప్లాంటండి. అమలాపురం వైపు కొబ్బరి తోటల్లో మాను పట్టుకుని పైకి ఎగబాకిన మనీ ప్లాంట్ చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. సీసాలో ఉన్నంతకాలం అరచేతంత ఆకు వేసే తీగే, చెట్టు దొరికితే చేటంత ఆకు వేస్తుంది, ఆకు చీలుతుంది కూడా. ఆ పై కొమ్మ తెచ్చి కర్రకి కడితే కొన్నాళ్ళు పెద్దాకే వేస్తుంది, పట్టు వదిలి కిందకి వేలాడిందంటే మళ్ళీ చిన్నాకులకి దిగుతుంది. మోసపోయేది అప్పుడు తెలుస్తుంది.

మాన్‌స్టెరా డెలిసియోసా అయితే ముదిరిన ఆకుకి అంచు చీలికలతో పాటు నడుమీనె పక్కన విడిగా రంధ్రాలు కూడా ఉంటాయి. సెల్లమ్‌కి చీలికలే, రంధ్రాలుండవు. పైగా సెల్లమ్ తీగలా పాకకుండా తన కాండం మీద తను నిలబడుతుంది, ఆకులు రాలిన చోట కాండం మీద కళ్ళలాంటి మచ్చలు మిగులుతాయి. ఈ రెండిటికీ ఇక్కడ ట్యాగులు సరిగ్గానే ఉన్నాయి. మినీ మాన్‌స్టెరా అని 600కి అమ్ముతున్నది మాత్రం మాన్‌స్టెరా కాదు, రాఫిడోఫోరా. థాయ్‌లాండ్, మలేషియా మొక్క. మాన్‌స్టెరాలు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలవి. అయినా ఆ పేరుతో నాకు పేచీ లేదు. ఎక్కడ అడిగినా మినీ మాన్‌స్టెరా అంటే ఆ మొక్కే ఇస్తారు.

సెల్లమ్ విషయంలో కూడా అంతే. శాస్త్రవేత్తలు 2018లో దాన్ని ఫిలోడెండ్రాన్ల నుంచి తీసి థామటోఫిల్లమ్ అన్న పేరు కింద పెట్టారు. మనీ ప్లాంట్ అయితే మరీ. 1880లో పోథోస్, తర్వాత సిండాప్సస్, ఆ తర్వాత రాఫిడోఫోరా, 1964 నుంచి ఎపిప్రెమ్నం. పాపం వాళ్ళ తప్పు కూడా కాదు. ఆ మొక్క పువ్వు పుయ్యడమే అరుదు. పువ్వుకి కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోను తయారుచేసే జన్యువు దాంట్లో సరిగ్గా పనిచెయ్యడం లేదని 2016లో తేల్చారు. పువ్వు కనపడకపోతే ఏ శాఖలో పెట్టాలో తేలేదెలా? పసిఫిక్ సముద్రంలో ఎక్కడో మూరియా దీవి నుంచి వచ్చి మన కొబ్బరి చెట్లెక్కి కూర్చుంది, ఇప్పుడు దాన్ని ఎపిప్రెమ్నం అని పిలవమంటే ఎవరు పిలుస్తారు? నర్సరీ వాళ్ళు పాత పేరు రాసుకోనివ్వండి, వాడుక పేరు రాసుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఒకే పేరు రెండు మొక్కలకి పెట్టినప్పుడే నాకు మండుతుంది. ఒకే మొక్కకి రెండు పేర్లు పెట్టి రెండు రేట్లు పెట్టినప్పుడు ఇంకా మండుతుంది. సింగోనియంతో ఇక్కడ అదే చేశారు. బాణం ములికి ఆకారంలో ఉండే లేత ఆకుల కుండీలు ఒక బల్ల మీద 60కి, అదే తీగ ముదిరి ఆకు ఐదారు ముక్కలుగా విడిపోయినవి ఇంకో బల్ల మీద వేరే పేరుతో 250కి.

మనీ ప్లాంటుకీ, ఆక్సికార్డియం అని అమ్మే ఫిలోడెండ్రాన్ తీగకీ తేడా చెప్పమని చాలామంది అడుగుతుంటారు. కొత్త ఆకు చూడండి. ఫిలోడెండ్రాన్‌కి కొత్త ఆకు ఒక పల్చటి పొర లోపల వస్తుంది, ఆకు విచ్చుకున్నాక ఆ పొర ఎండి గోధుమ రంగు కాగితంలా అంటుకుని ఉండి రాలిపోతుంది. మనీ ప్లాంటుకి ఆ పొర ఉండదు, పాత ఆకు కాడ గాడిలోంచే కొత్తది చుట్టుకుని బయటికొస్తుంది. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఇలాంటివి పట్టుకోలేవు. నా కళ్ళ ముందే ఒకటి లేత సింగోనియాన్ని కలేడియం అంది, రంగురంగుల ఆకులేసే దుంప మొక్క అది.

నవ్వొచ్చే విషయం ఒకటుంది. వెనక షెడ్డు పక్కన ఊడూ లిల్లీ అని ట్యాగ్ పెట్టి 200కి కంద అమ్ముతున్నారు! గోదావరి అవతల కొవ్వూరు నుంచే గజేంద్ర రకం కంద దేశమంతా వెళ్ళింది, కోనసీమలో ఎకరాలకి ఎకరాలు వేస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు కొంటున్నారట. కొననివ్వండి, అందంగానే ఉంటుంది. గొడుగులా విచ్చుకున్న ఆ చెట్టంతా నిజానికి ఒకే ఒక్క ఆకు, మచ్చల మచ్చలుగా ఉండి మనం కాండం అనుకునేది ఆకు కాడ. ఓసారి నేనూ రెండు కుండీలు గుమ్మం దగ్గర పెట్టాను. పెళ్ళికొచ్చిన వాళ్ళు ఏ దేశం మొక్కండీ అని అడుగుతున్నారు, లోపల పంక్తిలో కంద బచ్చలి వడ్డిస్తున్నారు. కానీ నర్సరీ వాళ్ళు చెప్పని ముక్క ఒకటుంది. ముదురు దుంప ఆకు రాకముందు, తొలకరికి పువ్వు వేస్తే చచ్చిన ఎలక కంపు కొడుతుంది. ఈగల్నీ పురుగుల్నీ పిలుచుకోవడానికి దాని పాట్లు దానివి. ఇంటి గుమ్మంలో మాత్రం పెట్టుకోకండి.

అలాగే డిఫెన్‌బేకియా. ఈ కుటుంబంలో చాలా మొక్కల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చేమ దురదకి అవే కారణం. చేమనీ కందనీ మనం ఉడికించి, చింతపండు వేసి దారికి తెచ్చుకుంటాం. డిఫెన్‌బేకియా ముక్క పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే నాలుక వాచిపోతుంది. చంటిపిల్లని ఎత్తుకుని వచ్చిన ఒకావిడకి ఆ కుండీ అమ్మేటప్పుడు ఇక్కడ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు, నేనే కల్పించుకుని చెప్పాను. పిల్లలు తిరిగే ఫంక్షన్లకి నేనైతే ఆ మొక్క పెట్టను.

మెచ్చుకోవాల్సింది కలేడియం విషయం. చలికాలంలో ఆకులన్నీ వాలిపోతే చచ్చిపోయిందని జనం పారేస్తారు. దుంపలు విడదీసే బల్ల దగ్గర కూర్చునే ఓనరుగారి పిన్నిగారు కొన్న ప్రతివాళ్ళకీ చెప్తారు. "పడుకుందమ్మా, పోలేదు. నీళ్ళు మానేసి నీడన పెట్టెయ్. ఎండలు ముదిరాక తడి చూపించు, అదే లేస్తుంది." ఆవిడ ట్యాగులు చూడరు, కుండీ కాస్త వంచి వేళ్ళలో చెయ్యి పెట్టి పేరు చెప్పేస్తారు. అలోకేషియా వేళ్ళ మధ్య బటాణీ గింజల్లాంటి పిల్ల దుంపలు దొరుకుతాయని చూపించింది ఆవిడే. వాటిని తడి కొబ్బరి పొట్టులో వేస్తే మొలుస్తాయి. మీకు అనుమానం ఉంటే గుమాస్తాని వదిలేసి ఆవిణ్ణి అడగండి.

ప్యాకింగ్ బాగుంది, పెద్దాకుల్ని పాత పేపర్లో చుట్టి కడతారు. దారిలో విరిగిన మొక్కకి ఫొటో పంపితే తర్వాతి లోడులో మారుస్తారు, నాకు రెండుసార్లూ మార్చారు. ఫోన్‌లో ఆర్డరు పెట్టేవాళ్ళు పేరొక్కటే చెప్పి ఊరుకోకండి. ఆకు వెనక కాడ అతుకు కనపడేలా ఒక ఫొటో, కొత్త ఆకుది ఒక ఫొటో అడగండి. విసుక్కోకుండా పంపుతారు. మొక్కకి ఐదుకి ఐదు, ట్యాగుకి రెండు. ఎక్కువ మొక్కలు కావాలంటే శ్రావణం పెళ్ళిళ్ళ వరకు ఆగకుండా ఆషాఢంలోనే మాట్లాడుకోండి, రేటు దిగుతుంది. ఆటో కిరాయి మనదే.