దవడపన్ను పోయిందా? బ్రిడ్జా, ఇంప్లాంటా?

బెజవాడలోనైనా గుంటూరులోనైనా పన్ను తీయించుకున్నాక వచ్చే ప్రశ్నే ఇది. బ్రిడ్జంటే అటూ ఇటూ పళ్లకు తొడిగి ఖాళీలో నిలబెట్టే కట్టుడు పన్ను; ఇంప్లాంటంటే దవడ ఎముకలో స్క్రూ దించి దానిమీద పెట్టే పన్ను. "లోపలి పన్నేగా, ఎవరికి కనపడుతుంది" అని మాత్రం వదిలేయొద్దు. కింది దవడపన్ను పోతే పక్కవి ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, పైది కిందికి దిగుతుంది, నమలడం తేడా కొడుతుంది.

ఖర్చు: బ్రిడ్జికి తక్కువ, ఇంప్లాంట్‌కు ఎక్కువ.

సమయం: బ్రిడ్జి 2-3 వారాలు. ఇంప్లాంట్‌కు టైటానియం స్క్రూ ఎముకలో కుదురుకోవడానికే సాధారణంగా 3-6 నెలలు.

రిస్క్: బ్రిడ్జి కోసం అటూ ఇటూ పళ్లను అరగదీయాలి. నిక్షేపంలాంటి పళ్లను అరగదీయడానికి నాకైతే మనసొప్పదు. అరిగింది మళ్లీ రాదు. రేపు వాటిలో ఒకటి పుచ్చితే మొత్తం బ్రిడ్జికే ఎసరు. ఇంప్లాంట్ పక్క పళ్ల జోలికి పోదు. కానీ షుగర్ అదుపులో లేకున్నా, సిగరెట్ మానకున్నా ఎముక పట్టకపోవచ్చు.

నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ఏది పెట్టినా నైట్ గార్డ్ (రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగు) అడగండి.

పక్క పళ్లకు ఎలాగూ క్యాపులు కావాలంటే బ్రిడ్జే నయం. పక్క పళ్లు గట్టిగా ఉండి, ఎముక చాలినంత ఉంటే ఇంప్లాంట్. ఇప్పటికే బాగా ఒరిగిపోతే ముందు క్లిప్పులు, తర్వాతే ఏదైనా. డబ్బు ఇబ్బందైతే విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలలో ఓసారి కనుక్కోండి.