చేతిపంపు మెరైన్ టాయిలెట్: చెన్నై ఉప్పునీళ్ళలో చాన్నాళ్ళు వాడాక

ఈ పడవ టాయిలెట్ బౌల్, బేస్, పంపు గురించి కొత్తగా చెప్పేదేం లేదు, చిన్న సెయిల్‌బోట్లలో అందరూ చూసేవే. నా గొడవంతా జోకర్ వాల్వ్‌తో. మలినం బయటికి పోయే ఎల్బోలో (వంపు పైపులో) కూర్చునే రబ్బరు ముక్క అది, బాతు ముక్కులా రెండు పెదవులుంటాయి. పంపు కొడితే తెరుచుకోవాలి, ఆపగానే మూసుకోవాలి. మొదటి పని బాగానే చేస్తుంది. రెండోది ఎక్కువ కాలం చెయ్యదు. చెన్నై హార్బర్లో పడవ ఉంచేవాళ్ళు దీన్ని ఏడాదికొకసారి మార్చే సరుకుగానే లెక్కేసుకోవాలి. స్పేరు ఊళ్ళో దొరకదు, తెప్పించుకోవాలి. అందుకే ఎప్పుడూ రెండు పడవలోనే ఉండాలి.

రాత్రి ఖాళీ చేసిన బౌల్లో పొద్దున్నే నీళ్ళు కనిపిస్తే, ముందు రంగు చూడండి. తేటగా ఉంటే ముందు అనుమానించాల్సింది జోకర్ వాల్వ్‌ను కాదు. సముద్రపు నీళ్ళు ఇన్‌లెట్ వైపు నుంచి సైఫన్ అయి, అంటే పంపు కొట్టకుండానే పైపులోంచి వాటంతట అవే లాక్కుని, వస్తూ ఉండొచ్చు. బౌల్ అంచు వాటర్‌లైన్‌కు (బయటి నీటిమట్టానికి) కిందుగా ఉన్న పడవలో ఇది చాలా ప్రమాదం, ఎవరూ లేనప్పుడు పడవే మునిగిపోవచ్చు. వెంటనే సీకాక్ (పడవ గోడలో నీళ్ళ పైపు దారిని మూసే వాల్వ్) మూసెయ్యాలి. తర్వాత పంపు నుంచి బౌల్‌కు పోయే సన్న హోస్ మీద ఎత్తుగా యాంటీ-సైఫన్ లూప్ (సైఫన్‌ను ఆపే వంపు) ఉందా, దాని నెత్తిమీది గాలి వాల్వ్ ఉప్పు పట్టి బిగుసుకుపోయిందా అని చూడాలి. ఈ లూప్‌ను సీకాక్‌కూ పంపుకూ మధ్య పెట్టకూడదు, పెడితే పంపు నీళ్ళకు బదులు గాలి పీలుస్తుంది.

నీళ్ళు రంగు మారి కంపు కొడుతుంటే అవి అవుట్‌లెట్ హోస్‌లోంచి వెనక్కి దిగినవే. 38 మి.మీ. హోస్‌లో మీటరుకు సుమారు 1.1 లీటర్లు పడతాయి. ఈ అవుట్‌లెట్ హోస్ మీటరున్నర పైకి ఎక్కి దిగుతుంటే లీటరున్నరకు పైగానే జోకర్ వాల్వ్ నెత్తిన నిలబడి ఉంటుంది. అందుకే పని అయ్యాక మీటరుకు ఏడెనిమిది స్ట్రోకుల చొప్పున నీళ్ళతో కొట్టాలి. అప్పుడు వాల్వ్ కారినా దిగేది మురికి కాదు, ఉత్త నీళ్ళు. వచ్చిన అతిథులకు ఈ సంగతి ముందే చెప్పాలి, మొహమాటపడితే శిక్ష అందరికీ.

ఇక అసలు విషయం. కారుతోందని వాల్వ్ మారుస్తారు, కొన్నాళ్ళకే కొత్తదీ కారుతుంది. అప్పుడు కంపెనీని తిడతారు. చాలాసార్లు దోషం హోస్ లోపల పట్టిన గారది. మూత్రంలోని యూరియాను బాక్టీరియా అమ్మోనియాగా విడగొడుతుంది, దాంతో క్షారగుణం పెరుగుతుంది, సముద్రపు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలుగా గోడకు పేరుకుంటాయి. నీళ్ళు ఎంత వెచ్చనైతే అంత వేగం. బంగాళాఖాతంలో ఏడాది పొడుగునా అదే పరిస్థితి. ఆ గార పెచ్చు ఒకటి ఊడి పెదవుల మధ్య ఇరుక్కుంటే ఎంత కొత్త వాల్వ్ అయినా మూసుకోదు.

కాబట్టి వరస ముఖ్యం: ముందు హోస్, తర్వాత వాల్వ్. పాత వాల్వ్ ఉండగానే లీటరు గోరువెచ్చటి నీళ్ళలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి బౌల్లో పొయ్యండి. పంపు మీది లీవర్ డ్రైలో (సముద్రపు నీళ్ళు లోపలికి రాని స్థితిలో) పెట్టి రెండు మూడు స్ట్రోకులు కొట్టి అరగంట ఆగండి, మళ్ళీ రెండు మూడు, మళ్ళీ అరగంట. ఒకేసారి తోసేస్తే ఆ లీటరు హోస్‌లో మీటరు కూడా నిండదు, మిగతా గార అలాగే ఉంటుంది. హార్బర్లో ఉంటే ఇదంతా హోల్డింగ్ ట్యాంకులోకే (పడవలోనే మురికి నిల్వ ఉంచే ట్యాంకు) పోవాలి. గార మందంగా ఉంటే హోస్ ఊడదీసి, రెండు చివర్లూ మూసి బయటికి తెచ్చి, గట్టు కాంక్రీటు మీద బాదడమే మార్గం, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. రాలినదాన్ని నీళ్ళలోకి కాకుండా బకెట్లోకి ఎత్తండి. టాయిలెట్లు కడిగే యాసిడ్ వాడేవాళ్ళు బ్లీచింగ్ దాని దగ్గరికి రానివ్వకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, పడవ క్యాబిన్లో పారిపోవడానికి చోటు కూడా ఉండదు.

వాల్వ్ మార్చేటప్పుడు సీకాక్‌లు రెండూ మూసి, పంపును డ్రైలో కొట్టి ఖాళీ చేసి, ఎల్బో కింద పాత తువ్వాలు పరచాలి. బిగుసుకున్న హోస్‌ను లాగి ఎల్బో విరగ్గొట్టొద్దు, ఫ్లాస్కులోని వేడినీళ్ళు పోస్తే మెత్తబడుతుంది. పెదవులు బయటికి పోయే వైపుకు చూడాలి. తిరగేసి పెడితే పంపు దిగదు, బలం పెడితే రాడ్ వంగుతుంది. కూర్చునే చోటు గోకి శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. ఫినాయిల్ మాత్రం పడవలోకి తేవొద్దు, అందులోని పైన్ ఆయిల్‌కు రబ్బరు ఉబ్బుతుంది, పెదవులు వంకర తిరుగుతాయి.

హోస్ క్లిప్పులు చెన్నై ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ వీధుల్లో కుప్పలుగా దొరుకుతాయి. అయస్కాంతం పట్టుకెళ్ళండి. పట్టీ స్టెయిన్‌లెస్సే అయినా స్క్రూ మామూలు ఉక్కుది ఉండొచ్చు, అయస్కాంతం దానికి అతుక్కుంటే కొనొద్దు. పొలాలకు వాడే ఆకుపచ్చ సక్షన్ పైపు చవకే, కానీ దాని గోడలోంచి వాసన ఊరుతుంది. ఉన్న హోస్ అలా తయారైందేమో తెలియాలంటే వేడినీళ్ళలో పిండిన గుడ్డ కాసేపు చుట్టి, చల్లారాక గుడ్డ వాసన చూడండి. గుడ్డ కంపు కొడితే ఏ మందూ పనిచెయ్యదు, హోస్ మార్చాల్సిందే.

పంపు మాటకొస్తే, చేతికి హాయిగా ఉంటుందని, కరెంటు గొడవ లేదని మొదట్లో మెచ్చుకున్నాను. కరెంటు సంగతి ఇప్పటికీ నిజమే. హాయి మాత్రం గ్రీజు ఉన్నన్నాళ్ళే. ఈశాన్య రుతుపవనాల నెలల్లో పడవ కదలకుండా ఉండి తిరిగి వాడినప్పుడు పిస్టన్ ఓ-రింగ్ (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) పట్టేస్తుంది, రాడ్ చుట్టూ నీళ్ళు చిమ్ముతాయి. పైన సీల్ మారిస్తే చిమ్మడం ఆగుతుంది.

నేను అనుకోని మేలు ఒకటుంది. వాష్‌బేసిన్ డ్రెయిన్ హోస్‌ను టాయిలెట్ ఇన్‌లెట్‌కు టీ (మూడు దారుల జాయింటు) వేసి కలిపితే, సీకాక్ మూసి బేసిన్లో మంచినీళ్ళు నింపి పంపు కొట్టొచ్చు. ఇన్‌లెట్‌లో నిలిచిన హార్బర్ నీళ్ళ కుళ్ళిన గుడ్డు కంపు పోయింది, గార కూడా బాగా తగ్గింది. తాగేనీళ్ళ ట్యాంకు పైపును మాత్రం నేరుగా తగిలించకూడదు, మురికి ట్యాంకులోకి ఎదురెక్కే ప్రమాదం ఉంది. పడవ వదిలి వెళ్ళేముందు చివరి ఫ్లష్ ఇలా మంచినీళ్ళతోనే చెయ్యాలి.

పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే సెయిలింగ్, ఇద్దరు ముగ్గురు మనుషులు, చిన్న బ్యాటరీ: నా వాడకం ఇంతే, దీనికి ఈ టాయిలెట్ మళ్ళీ కొంటాను. పిల్లలతో, పెద్దవాళ్ళతో రాత్రుళ్ళు పడవలోనే ఉండేవాళ్ళకు ఇదే మాట చెప్పలేను. మోకాళ్ళ నొప్పులున్న మనిషి వంగి ఇరవై స్ట్రోకులు కొట్టడం కష్టం, వాళ్ళు ఎలక్ట్రిక్ రకానికి వైరింగ్ ఖర్చు ఎంతవుతుందో ముందు అడగాలి.