ఏడు తీగల లైరుకు ఏ శ్రుతి మేలు?

ప్రాచీన గ్రీకు లైరు (తీగలను మీటి వాయించే వాయిద్యం) నమూనాను తెప్పించుకున్న మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: దానిని గ్రీకు గణితజ్ఞులలో పైథాగరస్ పద్ధతిలో శ్రుతి చేయాలా, టోలెమీ లెక్కతోనా, ఆర్కిటాస్ నిష్పత్తులతోనా? ఏడాదిగా మూడింటినీ ఒకే వాయిద్యంపై మార్చి మార్చి వాయించి, ఈ మధ్యనే ఒకదానిని స్థిరపరచుకున్నాను.

గ్రీకుల డోరియన్ అనే స్వరవరుసను, అన్నిటికంటే కింది స్థాయిలో పలికే తీగను షడ్జమంగా భావించి మీటితే, వినిపించేవి మన కర్ణాటక సంగీతపు హనుమతోడి మేళంలోని స్వరాలే. గమకానికి (స్వరాన్ని ఊపి పలికించడానికి) తావులేని వాయిద్యం కనుక తోడి రాగఛాయ మాత్రం రాదు. వారికి ఆధారం షడ్జమం కాదు, నాలుగో తీగ; దానిని 'మెసే' అన్నారు. ఆ మాటకు అర్థం నడిమిది అనే, అంటే సరిగ్గా మన మధ్యమమే.

పైథాగరస్ పద్ధతిలో ఈ మధ్యమం నుండే మొదలుపెట్టి షడ్జమం, పంచమం, నిషాదం, గాంధారం, ధైవతం, రిషభం అనే క్రమంలో స్వచ్ఛమైన 4:3, 3:2 అంతరాలతోనే (ఇవి రెండు స్వరాల కంపన వేగాల నిష్పత్తులు) ఏడు తీగలనూ కలపవచ్చు. ఏ పరికరమూ అవసరం లేదు, చెవి చాలు. కొత్తవారికి దీనిని మించిన మార్గం లేదని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

అయితే నా దృష్టిలో తీర్పు చెప్పవలసింది సౌలభ్యం కాదు, మధ్యమ ధైవతాల పొందిక. పాత్రలపై గ్రీకులు గీసిన చిత్రాలలో వాదకుడి కుడిచేతిలో మీటుపుల్ల, తీగల వెనుక ఎడమచేతి వేళ్లు కనిపిస్తాయి. అక్కరలేని తీగలను ఎడమచేతి వేళ్లతో అణచి, తక్కినవాటిని ఒక్క ఊపులో మీటేవారని పలువురు పరిశోధకుల అభిప్రాయం. అలా వాయించినప్పుడు రెండు మూడు తీగలు కలిసి మోగుతాయి కనుక వాటి మధ్యనున్న అంతరం పొరపొచ్చం లేకుండా ఉండాలి. మధ్యమాన్ని 220 హెర్ట్‌జ్‌గా ఉంచితే పైథాగరస్ ధైవతం దాదాపు 260.7 వద్ద నిలుస్తుంది. ఆ రెండింటినీ కలిపి మీటితే సెకనుకు సుమారు 16 విస్పందనాలతో (సరిగా కలవని రెండు నాదాల నుండి పుట్టే హెచ్చుతగ్గులతో) నాదం గరగరలాడుతుంది.

క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో జీవించిన టోలెమీ వర్ణించిన 'సింటోనాన్' అనే శ్రుతిలో అదే ధైవతం 264కు చేరి 6:5 నిష్పత్తిలో హాయిగా కుదురుతుంది. తంబురా నాదంలో పుట్టే అంతర గాంధారానికి అలవాటుపడిన మన చెవికి ఇందులోని రిషభ మధ్యమాల 5:4 అంతరం కూడా సొంత ఇంటిదిలాగే తోస్తుంది. కానీ దీనికోసం రిషభ, గాంధార, ధైవత, నిషాదాలు నాలుగింటినీ దాదాపు 21.5 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో వందో వంతు) పెంచాలి. పెంచితే మధ్యమ నిషాదాల మధ్యనున్న 4:3 చెడి 27:20 అవుతుంది. ఆధారమైన మెసే తీగకే ఈ చిక్కు రావడం నాకు సమ్మతం కాలేదు.

క్రీ.పూ. 4వ శతాబ్దపు తారెంటుం (దక్షిణ ఇటలీలోని గ్రీకు నగరం) నివాసి ఆర్కిటాస్ లెక్క (షడ్జమం నుండి మధ్యమం దాకా మెట్లు వరుసగా 28:27, 8:7, 9:8) మొదటి వినికిడిలో వింతగా ఉంటుంది, ఎందుకంటే రిషభం షడ్జమానికి 63 సెంట్ల దూరంలోనే, మన శుద్ధ రిషభం కంటే ఎంతో కిందగా, పలుకుతుంది. అయినా పైథాగరస్ శ్రుతి నుండి ఇక్కడికి రావడానికి రిషభ ధైవతాలు రెండింటినీ సుమారు 27 సెంట్లు దించితే సరిపోతుంది. ధైవతం 256.7 వద్ద 7:6 నిష్పత్తిలో నిలిచినప్పుడు విస్పందనాలు పూర్తిగా అణగిపోతాయి; దానికి 3:2 దిగువన రిషభాన్ని కలుపుకోవాలి. గాంధార ధైవతాల మధ్య 4:3 పోవడం ఇందులో నిజమైన నష్టమే, కానీ మధ్యమం చుట్టూ ఉన్న బంధాలన్నీ నిలుస్తాయి. పైగా తన కాలపు లైరు వాదకులు 'స్టెరెయా' అని పిలిచిన శ్రుతికి టోలెమీ ఇచ్చినవి సరిగ్గా ఈ అంకెలే. వాదకుల చేతుల్లో నిలిచిన శ్రుతి కనుక నేను దీనినే ఎంచుకున్నాను.

ఎన్‌హార్మోనిక్ అనే మరో గ్రీకు వరుసలోని పావు స్వరాలు వినదగినవే కానీ, తన కాలంలోనే వాటిపై ఆదరణ తగ్గిందని క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు సంగీత శాస్త్రకారుడు అరిస్టాక్సెనస్ రాశాడు. అప్పుడప్పుడు ప్రయత్నిస్తే చాలు. ట్యూనర్ యాప్ చూపే సమాన విభజన శ్రుతి (స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసేది) ఈ వాయిద్యానికి పనికిరాదు.

నరపు తీగలు వాతావరణంలోని తేమకు త్వరగా మారతాయి కాబట్టి, నేను ప్రతిరోజూ ముందు పైథాగరస్ క్రమంలో ఏడింటినీ సరిచూసుకొని, ఆపైన ధైవతాన్ని మధ్యమంతో కలిపి మీటుతూ ఆ గరగర ఆగేదాకా కొద్దికొద్దిగా దించుతాను.