పాత ఐషర్‌కు బోరింగా, కొత్త బ్లాకా?

పాత సింగిల్ సిలిండర్ ఐషర్ ట్రాక్టర్ నీలిపొగ వదులుతూ, ఇంజన్ లోపలి గాలి బయటికొచ్చే బ్రీదర్‌లోంచి గుప్పుగుప్పున గాలి తన్నుతుంటే నల్లగొండ మెకానిక్ అడిగేదిదే: బోరింగ్ కొట్టించాలా, బ్లాక్-పిస్టన్ సెట్టు కొత్తది వేయాలా?

బోరింగ్ చవక. బ్లాకులో పిస్టన్ ఆడే అరిగిన బోరును (రంధ్రాన్ని) కాస్త పెద్దచేసి ఓవర్‌సైజ్ పిస్టన్, రింగులు వేస్తారు. అయితే ముందు పిస్టన్ తెచ్చి, దాన్ని కొలిచాకే బోరు కొట్టాలి. బోరు లోపల రాయితో రుద్దిన హోనింగ్ గీతలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ కనబడాలి. అద్దంలా నున్నగుంటే రింగులు కుదురుకోవు, ఆయిల్ తాగుడు ఆగదు. ఇదివరకే ఆఖరి సైజుదాకా కొట్టించిన బ్లాకైతే ఆ ఊసే వద్దు.

కొత్త సెట్టుకు డబ్బెక్కువ, తిప్పలు తక్కువ. ఇది గాలితో చల్లబడే ఇంజన్, వేడిని వదిలే రెక్కలు విరిగిన బ్లాకుకు ఇదే దిక్కు.

మిర్యాలగూడ వైపు కేజ్‌వీల్స్ (బురదలో తిరిగే ఇనుప చక్రాలు) కట్టి వరిమడి దున్నే బండికి నేనైతే కొత్తదే వేయిస్తా. ట్రాలీకే పరిమితమైతే బోరింగ్ చాలు. ఏదైనా సరే, క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) అరుగుదల కొలవకుండా ఇంజన్ మూయనివ్వకండి.