టీచర్ల శిక్షణ: హాల్లోనా, ఫోన్లోనా, పక్క క్లాసులోనా?

గుంటూరు పక్కన ఒక హైస్కూల్లో హెచ్ఎంగా ఉన్నాను. మా టీచర్లకు ఏ శిక్షణ నిజంగా పనికొచ్చిందో చూసింది చూసినట్టు చెప్తాను.

హాలు శిక్షణ కొత్త పాఠ్యపుస్తకం వచ్చినప్పుడు కావాల్సిందే. కాకపోతే రాష్ట్రంలో నేర్చుకున్నవాళ్లు జిల్లాకి, జిల్లావాళ్లు మండలానికి చెప్పుకుంటూ వచ్చేసరికి విషయం పలచబడిపోతుంది, పైగా అంతమందిలో మన ఏడో తరగతి పిల్లల ఇబ్బంది అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఫోన్లో చూసుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షలో కోర్సులు (కేంద్రం టీచర్లకు పెట్టిన శిక్షణ కార్యక్రమం నిష్ఠ కూడా 2019లో హాల్లోనే మొదలై, కరోనా వచ్చాక 2020లో దీక్షలోకి వచ్చింది) సబ్జెక్టుకి మంచివే, ఆపి మళ్లీ వినొచ్చు. కానీ బోర్డు దగ్గర మనం ఏం చేస్తున్నామో ఫోన్ చూడదు కదా.

నా ఓటు మూడోదానికి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పాఠం తయారుచేసుకుని, ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు వెనక కూర్చుని పిల్లల్ని చూడటం. జపాన్‌లో దీన్ని ఎప్పట్నుంచో చేస్తున్నారు, లెసన్ స్టడీ అంటారు. మా దగ్గర లెక్కల మేడమ్ భిన్నాల కూడిక చెప్తున్నారు, ముందు బెంచీలు 'అయిదు బై ఆరు' అని ఒక్క గొంతుతో అరిచాయి, ఆవిడ తర్వాతి లెక్కకి వెళ్లిపోయారు. కిటికీ పక్కన కూర్చున్న సైన్స్ మాస్టారికి మాత్రం ఒక పాప నోట్సు కనిపించింది: 1/2 + 1/3 = 2/5. పైవి పైన, కిందవి కింద కలిపేసింది. సాయంత్రం ముగ్గురం మాట్లాడుకుని, పక్క సెక్షన్‌లో లెక్క చెయ్యకముందే 'జవాబు సగం కంటే ఎక్కువా తక్కువా?' అని అడిగించాం. సగానికి ఇంకాస్త కలిపితే సగం కంటే తగ్గదని తెలిశాక, 2/5 రాసినవాళ్లు వాళ్లంతట వాళ్లే కొట్టేసుకున్నారు. ఇది ఏ హాల్లో దొరుకుతుంది?

అయితే ఒక్కటి, హెచ్ఎం దీన్ని ఇన్‌స్పెక్షన్ చేశారో, అక్కడితో సరి. మార్కులు, రిపోర్టులు వద్దు, ముందు మన క్లాసుకే వాళ్లని పిలవాలి. నేను అలాగే మొదలుపెట్టాను.

టైమ్ ఎక్కడిదంటారా? 2020 జాతీయ విద్యా విధానం టీచరుకి ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. నెలకు రెండుసార్లు, తయారీతో కలిపి గంటన్నర చొప్పున పెట్టుకుంటే పది నెలలకు 30 గంటలు ఇక్కడే గడుస్తాయి, హాలుకీ ఫోన్‌కీ మిగిలిన 20 చాలు. లీజర్ పీరియడ్లు కలిసేలా టైంటేబుల్ ముందే సర్దుకోవాలి, అసలు కష్టం అక్కడే. ఒక్క టీచరే ఉన్న స్కూళ్లవాళ్లు కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే సమావేశం) రోజున ఒక పీరియడ్ ఇలా పాఠం చూడటానికి అడిగి పెట్టించుకోండి.