ఇండియాలో "ప్రీ డెంటల్ ఇంటర్న్‌షిప్" ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పిల్లలు డెంటల్ స్కూలుకి అప్లై చేయబోతున్న అమెరికా తెలుగువాళ్ల కోసం ఇది. "సమ్మర్‌లో హైదరాబాద్ వెళ్లండి, నాలుగు వారాల్లో 120 గంటల షాడోయింగ్ (డెంటిస్ట్ పక్కనే ఉండి పని చూడటం), పేషెంట్ల మీద హ్యాండ్స్ ఆన్ అనుభవం, సర్టిఫికెట్, రికమెండేషన్ లెటర్" అని మన ఫంక్షన్ల దగ్గర స్టాల్ పెట్టి, వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు తిప్పి ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. మేం 2,800 డాలర్లు కట్టాం, ఫ్లైట్ టికెట్ వేరే. డబ్బు పోయిన బాధ ఉంది, కాదనను. కానీ దేన్ని గొప్పగా చూపించి అమ్ముతున్నారో అదే పిల్లల అప్లికేషన్‌కి ఎసరు పెట్టేలా ఉంది, అది అసలు భయం. వాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్లు పేరు మార్చుకుని మళ్లీ వస్తారు, కాబట్టి పద్ధతి గుర్తుపట్టండి.

మా అమ్మాయి బయాలజీ సెకండియర్ అయిపోయింది. బ్రోషర్‌లో "మల్టీ స్పెషాలిటీ డెంటల్ హాస్పిటల్" అని ఉంటే, తీరా చూస్తే మెడికల్ షాపు మీద రెండు కుర్చీల క్లినిక్. అక్కడి డాక్టరుగారు మంచాయనే, పాపం. అమ్మాయి ఎందుకొచ్చిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇండియాలో నీట్ ర్యాంకుతో బీడీఎస్‌లో చేరతారు, షాడోయింగ్ గంటలు ఎవరూ అడగరు. అందుకని ఆయన "కూర్చోమ్మా" అని రిసెప్షన్‌లో కుర్చీ వేయించారు. పేషెంట్ ఒప్పుకున్నప్పుడు లోపలికి పిలిచేవారు. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా అని మాత్రం బయలుదేరే ముందూ అడగలేదు, అక్కడా అడగలేదు. ఆ టీకా మామూలు కోర్సు మూడు డోసులు, పూర్తవడానికి ఆరు నెలలు. రక్తం, సూదులు ఉండే చోటికి పిల్లల్ని పంపేవాడు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అది.

ఇక ఆదివారం "రూరల్ క్యాంప్". ఊరి స్కూల్లో బల్లలు వేసి, ప్లాస్టిక్ కుర్చీల్లో జనాన్ని కూర్చోబెట్టారు. ప్యాకేజీలో ఉన్న హ్యాండ్స్ ఆన్ అంటే ఇదేనట. కదులుతున్న పన్ను ఉన్న ఒక పెద్దావిడ ముందు మా అమ్మాయిని నిలబెట్టి, మత్తు సూది చేతికిచ్చి, "నువ్వే ఇవ్వమ్మా, నేను పక్కనే ఉంటాగా" అన్నాడు కోఆర్డినేటర్. ఆవిడకి షుగర్ ఉందా, బీపీ ఉందా, రక్తం పలచబడే మాత్రలేమైనా వేసుకుంటోందా, ఒక్క ముక్క అడగలేదు. అమెరికా డాక్టరమ్మ వచ్చిందని మాత్రం చెప్పారు. "నేను డాక్టర్ని కాదు అంకుల్, నాకు లైసెన్స్ లేదు" అని మా అమ్మాయి సూది పక్కన పెట్టేసింది. ఆయన మొహం మాడ్చుకుని, "పోనీ పటకారు పట్టుకుని ఫొటో అయినా దిగు, అప్లికేషన్‌కి పనికొస్తుంది" అన్నాడట. అదే క్యాంపులో ఇంకో కుర్రాడు ఫొటో దిగాడు. అది ఇప్పుడు వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఉంది, నోరు తెరిచి ఉన్న పేషెంట్ మొహంతో సహా.

ఒక్కసారి ఆలోచించండి. ఇండియాలో బీడీఎస్ పిల్లలే మొదటి రెండేళ్లు మైనం ముక్కల మీద పళ్లు చెక్కుతూ, ఫాంటమ్ హెడ్‌ల (బొమ్మ తలల) మీద డ్రిల్లింగ్ నేర్చుకుంటారు. మూడో ఏడాదిలో గానీ పేషెంట్ దగ్గరికి రానివ్వరు, అదీ టీచర్ల కళ్ల ముందు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పంటి వైద్యం చేయకూడదని 1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్‌ నుంచీ ఉన్న మాట. మరి ఆర్గానిక్ కెమిస్ట్రీ పాసైన పిల్ల చేతికి సూది ఎలా ఇస్తారు? పేదవాళ్లు కదా, అడిగేవాళ్లుండరు కదా అనే ధైర్యం తప్ప ఇందులో ఇంకేమీ లేదు. నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది ఇక్కడే.

పోనీ అప్లికేషన్‌కైనా పనికొస్తుందా అంటే, రాదు సరికదా చేటు. డెంటల్ స్కూళ్ల ఉమ్మడి అప్లికేషన్ ఆడ్సాస్‌ని నడిపే ఏడీఈఏ (అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్) సంస్థే, విదేశాల్లో ప్రీ డెంటల్ పిల్లలు పేషెంట్లకి వైద్యం చేయకూడదని మార్గదర్శకాలు పెట్టింది. "ఇండియాలో నేను పళ్లు పీకాను" అని వ్యాసంలో గొప్పగా రాస్తే, చదివే ప్రొఫెసర్‌కి ఆ పిల్లాడి నీతి మీదే అనుమానం వస్తుంది. షాడోయింగ్ అంటే చూడటం, అంతే.

సర్టిఫికెట్ సంగతి ఇంకో తమాషా. మా అమ్మాయి క్లినిక్‌లో గడిపింది చెప్పిన గంటల్లో సగం కూడా ఉండదు, చేతికిచ్చింది మాత్రం 120 గంటల కాగితం. అందరికీ అదే అంకె. ఆడ్సాస్‌లో ప్రతి అనుభవానికీ గంటలు, పర్యవేక్షించినవాళ్ల వివరాలు రాయాలి, రాసిందంతా నిజమని హామీ ఇవ్వాలి. అబద్ధం బయటపడితే పోయేది పిల్లల సీటు, ఏజెన్సీవాడిది కాదు. మా అమ్మాయి ఆ కాగితం వాడటం లేదు.

రికమెండేషన్ లెటర్‌ని స్టాంపు వేసి, కవర్‌లో పెట్టి, చక్కగా చేతికిచ్చారు. లోపల మా అమ్మాయిని "అతను" అని రాశారు! పాత లెటర్‌లో పేరు మార్చారన్నమాట. అది సరిగ్గా ఉన్నా చెల్లదు. లెటర్ రాసినవాళ్లే ఆన్‌లైన్‌లో నేరుగా పంపాలి, విద్యార్థి అప్‌లోడ్ చేయడానికి వీల్లేదు. నాలుగు లెటర్లకి మించి పట్టవు కూడా. ఈ చిన్న విషయం తెలియనివాళ్లు "అడ్మిషన్ ఎక్స్‌పర్ట్స్" ఎలా అయ్యారో మరి.

అడగొచ్చు, మరి గంటలెలా వస్తాయని. చాలా స్కూళ్లకి సుమారు వంద గంటలుంటే బాగుంటుంది, అందులో ఎక్కువ భాగం జనరల్ డెంటిస్ట్ దగ్గరైతే మేలు. మనం పళ్లు చూపించుకునే డెంటిస్ట్‌నే అడగండి. వాళ్లు కాదంటే వాళ్లకి తెలిసినవాళ్లని. మా అమ్మాయి ఇప్పుడు ఎడిసన్‌లో ఒకావిడ క్లినిక్‌కి శనివారాలు వెళ్తోంది. పేషెంట్ల వివరాలు బయట చెప్పనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, పైసా అడగలేదు. ఏటా ఫిబ్రవరిలో మొదలయ్యే గివ్ కిడ్స్ ఎ స్మైల్ లాంటి పిల్లల ఉచిత పంటి వైద్య కార్యక్రమాల్లో లైసెన్స్ అక్కర్లేని పనులకి వాలంటీర్లు కావాలి. అప్లికేషన్‌లో చేతి పనితనం చూపించాలంటే దానికి పేషెంట్ నోరు అక్కర్లేదు. వీణ, మెహందీ, కుట్లు, అల్లికలు ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ముగ్గులు కూడా రాసుకోమన్నాను, నవ్వింది కానీ రాసుకుంది.

నాకు తెలిసి వచ్చే బ్యాచ్‌కి కొన్ని కుటుంబాలు ఇప్పటికే కట్టేశాయి. "జెల్‌లో (Zelle, బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపితే 200 డాలర్లు తక్కువ" అంటారు, ఒప్పుకోకండి. మనంతట మనం జెల్‌లో పంపిన డబ్బు వెనక్కి రాబట్టడం మహా కష్టం. క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లు బిల్లు వచ్చిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. బ్రోషర్, వాట్సాప్ మెసేజ్‌లు ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మేం అడిగిన మర్నాడే గ్రూపులోంచి పాత పోస్టర్లు మాయమయ్యాయి. ఒప్పందంలో "ఓరియెంటేషన్ తర్వాత రీఫండ్ లేదు" అనే లైన్ ఉంటుంది. వాళ్ల దృష్టిలో ఓరియెంటేషన్ అంటే డబ్బు కట్టిన సాయంత్రమే వచ్చే పది నిమిషాల జూమ్ కాల్. ఇంకా ఆ కాల్‌లో చేరనివాళ్లు చేరకుండానే ఈమెయిల్‌లో రద్దు అడగండి.